గీత దాటకుండా రంగు నింపితే అమరిక వచ్చినట్టేనా?

డిసెంబర్ 3, అంటే అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం దగ్గరికొచ్చిందంటే ప్రత్యేక అవసరాల పిల్లల గదుల్లో గోడలు నిండుతాయి. ఈ పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రమైనా, ప్రైవేటు స్పెషల్ స్కూలైనా, సర్కారు బడిలో ఒక మూల గదైనా వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చే ఫొటోలు ఒకటే తీరు. దారానికి వేలాడే, అచ్చు షీట్లలో రంగు నింపిన సీతాకోకచిలుకలు. అన్నిటికీ అవే రెక్కలు, అవే చుక్కలు, కింద రాసిన పేరొక్కటే వేరు. అలాంటి ఒక ఫొటో కింద ‘చిత్రకళతో ప్రకృతిలోని అమరికలు’ అని రాసి ఉండటమే ఈ పోస్టుకు కారణం. అమరిక అంటే ఒక నియమంతో మళ్లీ మళ్లీ వచ్చే తీరు, ప్యాటర్న్.

ఆ సీతాకోకలో అమరిక లేదని కాదు, ఉంది. దాన్ని పట్టుకున్నది మాత్రం బొమ్మ గీసి అచ్చుకిచ్చినవాళ్లు. ఎడమ రెక్క మీద చుక్క ఇక్కడుంటే కుడి రెక్క మీద ఎక్కడుండాలో వాళ్లే తేల్చేశారు. షీటు పిల్ల చేతికి వచ్చేసరికి మిగిలిన పని గీత దాటకుండా రంగు పుయ్యడం. చేతికి అదుపు రావడానికి అది పనికొస్తుంది, కాదనను. దానికి అమరిక పాఠమని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ. ఒక పిల్లకు అమరిక అందిందనడానికి నేను ఒప్పుకునే గుర్తు ఒక్కటే: ఇప్పటిదాకా ఉన్నదాన్ని చూసో, తడిమో, వినో, తర్వాత ఏం రావాలో తనంతట తాను తేల్చుకోవడం. తేల్చే పని పెద్దలు చేసి పూసే పని పిల్లకు వదిలితే గోడ నిండుతుంది, పాఠం జరగదు.

ప్రకృతి కూడా అచ్చు షీటులా పనిచేయదు. చిరుతపులి ఒంటి మీద ముందు గీతలు గీసి తర్వాత మచ్చలు నింపినవాళ్లెవరూ లేరు. రెండు పదార్థాలు ఒకదానితో ఒకటి చర్య జరుపుతూ వేర్వేరు వేగాలతో వ్యాపిస్తే చాలు, మచ్చలూ చారలూ వాటంతటవే ఏర్పడగలవని గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో లెక్కగట్టి చూపాడు. ప్రతి చోటా ఒక చిన్న నియమం, దాన్నే మళ్లీ మళ్లీ పాటించడం, చివరికి మొత్తం బొమ్మ. మన తరగతుల్లో మొత్తం బొమ్మను ముందే చేతికిచ్చి, నియమం సంగతే ఎత్తం.

గుడ్ల అట్టతో మొదలు

రంగులూ కాగితాలూ తర్వాతికి ఉంచి మొదట గుడ్ల అట్ట తీసుకోండి. 30 గుడ్ల అట్టను వరుసలుగా కత్తిరిస్తే ఆరేసి గుంటల పట్టీలు వస్తాయి. గీత గీయకుండానే పట్టీ చోటు చూపిస్తుంది. చేతులు వణికే పిల్ల పెట్టిన పువ్వు దొర్లిపోదు. చూపు లేని పిల్లకు ఏ గుంట ఖాళీయో వేలికే తెలుస్తుంది.

బతుకమ్మ రోజులైతే తంగేడు, గునుగు. మొదటి అయిదు గుంటల్లో తంగేడు, గునుగు, తంగేడు, గునుగు, తంగేడు పెట్టి ఆరోది ఖాళీగా వదలాలి. పక్కన రెండే పువ్వులు, రకానికొకటి. పిల్ల మొదటి నుంచి ఒక్కో గుంటనూ తాకుతూ వచ్చి ఖాళీ దగ్గర ఆగాలి. అప్పుడు మనం నోరు మూసుకొని లోపల పది లెక్కపెట్టాలి. ఈ పది అంకెలే మనవల్ల కావు, మూడుకే ‘గునుగు కదా బిడ్డా’ అనేస్తాం. ఒక ఖాళీని నిలకడగా నింపుతుంటే చివరి రెండు గుంటలు ఖాళీ చేయాలి, ఆ తర్వాత మూడు. ఇలా చివరి నుంచి వెనక్కి వస్తే ప్రతిసారీ వరుసను పూర్తిచేసేది పిల్లే అవుతుంది. మొదలుపెట్టి మధ్యలో వదిలేయడమే అలవాటైన పిల్లలకు ఆ పూర్తిచేయడం చిన్న విషయం కాదు.

ఇంత చిన్న పనీ చెడుతుంది. పువ్వుల ఎంపిక దగ్గరే చెడొచ్చు. తంగేడు పక్కన పసుపు బంతి పెడితే రెండూ ఒకటే రంగు. చూపు తక్కువున్న పిల్ల తడబడితే అమరిక రాలేదని మనం రాసుకుంటాం. గునుగు పొడుగు కంకి, ఎండిన పట్టులా తగులుతుంది. తంగేడు రేకలు మెత్తన. కళ్లు మూసుకున్నా తేడా దొరుకుతుంది. మన కళ్లవల్లా చెడుతుంది. తెలియకుండానే సరైన పువ్వు వైపు చూస్తాం, మాటలు రాని పిల్లలు ముఖాలు చదవడంలో దిట్టలు. చూపు ఖాళీ గుంట మీదే నిలిపి, రెండు పువ్వుల చోట్లూ ప్రతిసారీ మార్చాలి.

అన్నిటికన్నా పెద్ద మోసం వేరే ఉంది. ఒకటి విడిచి ఒకటి వచ్చే వరుసలో, చివరున్నది కాకుండా రెండోది పెడితే చాలు, ఎప్పుడూ సరిపోతుంది. నియమం తెలియక్కర్లేదు. అందుకని తంగేడు, తంగేడు, గునుగు, తంగేడు అని నాలుగు పెట్టి, చివరి రెండు గుంటలూ ఖాళీగా ఉంచి అడగాలి. అయిదో గుంటలో గునుగు పెట్టిన పిల్ల పాత ఉపాయంతోనే నెట్టుకొస్తోంది. తంగేడు, ఆ తర్వాత గునుగు పెట్టిన పిల్ల వరుసను చదివింది.

తప్పు పెడితే ‘తప్పు’ అనక్కర్లేదు, పువ్వు లాగెయ్యక్కర్లేదు. మొదటి నుంచి లయతో చదవాలి. తంగేడుకు బల్ల మీద ఒక దెబ్బ, గునుగుకు ఒక చప్పట. బతుకమ్మ పాటలో పాదం చివర ‘ఉయ్యాలో’ ఎప్పుడొస్తుందో తెలంగాణ పిల్లలకు ఒంట్లోనే ఉంటుంది. మాట పలకని పిల్ల కూడా ఆ చోటికి చేతులు సిద్ధం చేసుకుంటుంది. లయ తప్పిన గుంట దగ్గర చెయ్యి ఆగుతుంది, చాలాసార్లు పువ్వు తనే మారుస్తుంది.

పూల రోజులు దాటితే గింజలు ఒలిచిన మక్క బెండు ముక్కలు, నున్నటి గులకరాళ్లు సరిపోతాయి. ఏదైనా నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లకు తన పిడికిలికన్నా చిన్న వస్తువు ఇవ్వొద్దు. ఏరుకొచ్చేటప్పుడే కొన్నిటిని ఆపేయాలి. గన్నేరు, ఉమ్మెత్త విషం. గురిగింజ ఎంత ముచ్చటగా ఉన్నా ఈ గదిలోకి రావద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. వయ్యారిభామ చర్మానికి దురద తెస్తుంది. సీతాఫలం పైతొక్క అమరికకు బంగారం లాంటిది, పలుకులు నొక్కి చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు, మట్టిమీద అద్దొచ్చు. గింజలు మాత్రం ముందే తీసి పారేయాలి, వాటి పొడి కంటికి హాని.

లెక్క మారుతుంది, తీరు మారదు

తంగేడు రెమ్మలు రెండు తెంచి చూడండి. ఒకదానికి 8 జతల ఆకులుంటే పక్కదానికి 11 ఉండొచ్చు. రెండిట్లోనూ ఆకులు ఎదురెదురుగానే ఉంటాయి, కొసన కూడా జతతోనే ఆగుతాయి. చింత రెమ్మా అంతే. కల్యామాకు (కరివేపాకు) రెమ్మ మాత్రం కొసన ఒంటి ఆకుతో ముగుస్తుంది. మక్క కంకి చుట్టూ గింజల వరుసలు 12 ఉండొచ్చు, 14 ఉండొచ్చు, 16 ఉండొచ్చు, కాని దాదాపు ఎప్పుడూ సరిసంఖ్యే. గింజ మొగ్గలు కంకి మీద జంటలుగా పుట్టడమే దానికి కారణం. పత్తికాయ పగిలితే కొన్నిటికి 4 అరలు, కొన్నిటికి 5.

తీరు గట్టిది, లెక్కకు వెసులుబాటుంది. అచ్చు షీటు ఎన్నటికీ ఇవ్వలేనిది ఈ వెసులుబాటే. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు అదే పెద్ద చిక్కు కూడా. జతలు జతలుగా చక్కగా అమర్చుకుంటూ వచ్చిన పిల్ల, ఒక రెమ్మకు ఆకు రాలిపోయి ఉంటే దాన్ని విసిరికొట్టొచ్చు, ఏడుపు లంకించుకోవచ్చు. అలాగని రాలిన రెమ్మలన్నీ ముందే ఏరి పారేస్తే పాఠంలో ప్రకృతి మిగలదు. తేడాను దాచేకన్నా దానికొక చోటివ్వడం మేలు.

పత్తికాయ డొప్పలు ఒక 20 తెచ్చి మూడు చాటలు పెట్టండి. 4 అరలవి ఒకదాంట్లో, 5 అరలవి ఇంకోదాంట్లో, విరిగినవీ సగం తెరుచుకున్నవీ మూడో చాటలో. మూడో చాట మొదటి నుంచీ అక్కడే ఉండాలి, గొడవ వచ్చాక తేకూడదు. విరిగిన డొప్పకూ ఒక ఇల్లుందని ముందే తెలిస్తే కంగారు చాలావరకు తగ్గుతుంది. వేరుచేశాక డొప్పల్ని మెత్తటి బంకమట్టి మీద బోర్లా నొక్కితే నాలుగు మూలల, అయిదు మూలల నక్షత్రాలు పడతాయి. అప్పుడు పిల్ల నక్షత్రాలతో వరుస కట్టొచ్చు. డొప్పల కొసలు ముల్లులా గుచ్చుకుంటాయి, గరుకు కాగితంతో అరగదీయాలి. మందు కొట్టిన చేలోవి కాబట్టి సబ్బునీళ్లలో కడిగి రెండు రోజులు ఎండబెట్టాకే పిల్లల చేతికివ్వాలి.

సౌష్ఠవం దగ్గరా ఇదే సంగతి. ఆకును మధ్యకు మడిస్తే రెండు సగాలూ ఒకటే అని చెప్పేస్తాం. వేపాకు మడిచి చూడండి. కాడ దగ్గర ఒక సగం కిందికి జారి ఉంటుంది, ఇంకో సగం పైన మొదలవుతుంది, ఆకంతా కొడవలిలా ఒక పక్కకు ఒంగుతుంది. సగాలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. జామాకైతే దాదాపు కూర్చుంటాయి. ‘కూర్చునేవి’, ‘కూర్చోనివి’ అని రెండు కుప్పలు వేయించడం, కాగితం మడతపెట్టి రంగు అద్దిన సీతాకోకకన్నా గట్టి పాఠం. మడత అద్దకంలో సౌష్ఠవాన్ని కాగితమే చేసిపెడుతుంది. పిల్ల తేల్చాల్సిందేమీ ఉండదు.

ఇక ఫిబొనాచి అంకెలు: 1, 1, 2, 3, 5, 8, 13 అని సాగేవి, ప్రతి అంకే ముందున్న రెండిటి మొత్తం. ప్రకృతిలో అమరికలనగానే ఎవరో ఒకరు ఆ అంకెలు ఎత్తుకుంటారు, వెంటనే శంఖం బొమ్మ మీద బంగారు సర్పిలం గీసేస్తారు. అనాసపండు మీద పలుకుల వరుసలు ఒకవైపు 8, ఇంకోవైపు 13 రావడం నిజమే. నాటిలస్ శంఖం బంగారు నిష్పత్తి ప్రకారం పెరుగుతుందన్నది నిజం కాదు. మన గదిలో సర్పిలం అన్నిటికన్నా చివర రావాలి, అంకెలు ఇంకా తర్వాత. అంకెలంటే ప్రాణమిచ్చే పిల్ల ఉంటే అనాసపండూ స్కెచ్‌పెన్నూ ఇచ్చి వదిలేయండి, ఆ పిల్లకు అదే పండగ. మిగతావాళ్లను ఆ లెక్కల్లోకి లాగొద్దు.

కాగితం మీదికి వచ్చాక

ఆకు అచ్చు తీయడం అందరికీ తెలిసిన పనే, అయినా సగం అచ్చులు చెడిపోతాయి. టేకు, రావి, జామ ఆకులు మంచివి, ఈనెలు లేచి ఉంటాయి. ఆకు బోర్లా ఉండాలి, ఈనెలుండేది వెనకవైపే. మీద పల్చటి కాగితం. జిరాక్స్ కాగితంకన్నా న్యూస్‌ప్రింట్ బాగా పనిచేస్తుంది. ఆకును కిందివైపు కొద్దిగా గమ్ముతో బల్లకు అంటించి, కాగితం నాలుగు మూలలకూ టేపు వేయాలి. ఈ రెండిట్లో ఏది మరిచినా ఈనెలు రెండేసిగా పడతాయి. మైనం క్రేయాన్ చుట్టూ ఉన్న కాగితం ఒలిచి, ముక్కను అడ్డంగా పడుకోబెట్టి ఒకే దిక్కుకు తోయాలి. మొనతో గీస్తే కాగితం చిరుగుతుంది. అచ్చు వచ్చాక అసలు ప్రశ్న అడగాలి. అచ్చును సగానికి చించి పై సగం దాచేసి, పెద్ద ఈనె ఇక్కడిదాకా వచ్చింది, పక్క ఈనె ఎటు పోతుందని అడగండి. వేలితో గాల్లో చూపినా చాలు.

బెండకాయ అద్దకంలో తొడిమే పిడి. తొడిమ వైపు 3 సెంటీమీటర్లు ఉంచి అడ్డంగా కోయాలి. ముదురు కాయ మేలు. కోసిన ముఖాన్ని గుడ్డతో ఒత్తి అరగంట ఆరనివ్వాలి, లేకపోతే జిగురు మీద రంగు జారి అయిదు మూలలూ కలిసిపోతాయి. రంగును పళ్లెంలో పోస్తే గింజల గదులు మునిగిపోతాయి. తడి స్పాంజి ముక్క మీద ఒక చెంచా పోస్టర్ రంగు పరిచి దాని మీద ఒత్తించాలి. మక్క కంకినైతే రెండు చివర్లా పుల్ల గుచ్చి, స్పాంజి మీద దొర్లించి, కాగితం మీద దొర్లించాలి. గట్టిగా నొక్కితే వరుసలు అలుక్కుపోతాయి, దాని బరువుతోనే దొర్లనివ్వాలి. మిరపకాయ అద్దకం మాత్రం పెట్టొద్దు, చేతులు కళ్లదాకా పోయేసరికి తరగతి ముగుస్తుంది.

వీటిని మొత్తం షీటు మీద కాకుండా చార్టును నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా కత్తిరించి వాటి మీద వేయించాలి. పట్టీకి మొదలు, దిక్కు ఉంటాయి. వెడల్పు షీటిస్తే పిల్ల ఖాళీ కనబడ్డచోటల్లా అద్దుకుంటూ పోతుంది, వరుస మాయమవుతుంది.

గీయక్కర్లేదు, పుట్టించొచ్చు

చేతుల్లో పట్టు లేని పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేవి రెండున్నాయి. రెండిట్లోనూ అమరిక దానంతటదే పుడుతుంది, పిల్ల చేయాల్సింది ముందుగా ఊహించడం.

ఒకటి నెర్రెలు. నల్లరేగడి మట్టిని జల్లెడపట్టి దోశపిండిలా కలిపి స్టీలు పళ్లెంలో పోయాలి. పళ్లెం ఒక పక్క వేలెడు మందం, ఇంకో పక్క పల్చగా. నీడలో ఒకటి రెండు రోజులు. మందంగా ఉన్నచోట పెద్ద పెంకులు, పల్చగా ఉన్నచోట చిన్న పెంకులు లేస్తాయి. పక్కన ఇంకో పళ్లెంలో చెలక మట్టి పోయండి. ఇసుక ఎక్కువున్న ఆ ఎర్రమట్టి నెర్రెలు ఇయ్యదు, ఇచ్చినా సన్నగా. ఎక్కడ పెద్ద ముక్కలొస్తాయని పిల్లను ముందే అడిగి, ఆ చోట ఒక గులకరాయి పెట్టించాలి. మాట అక్కర్లేదు, రాయే జవాబు. రెండో పళ్లేనికి రాయి పెట్టే చోటు మారిందా లేదా చూడాలి.

రెండోది కొమ్మలు. దళసరి పారదర్శక షీట్లు రెండు తీసుకొని ఒకదాని మధ్యలో చెంచాడు పోస్టర్ రంగు వేయాలి. పల్చగా ఉంటే కొద్దిగా ఫెవికాల్ కలపాలి. రెండో షీటు బోర్లించి అరచేత్తో నొక్కి, ఒక అంచు పట్టుకొని నిదానంగా పైకి లేపాలి. గాలి లోపలికి చొరబడుతూ రంగును పాయలు చేస్తుంది, చెట్టు కొమ్మల్లా, ఆకు ఈనెల్లా. పక్కకు లాగితే అంతా అలుక్కుపోతుంది, నీళ్ల రంగైతే ఏమీ రాదు. స్ట్రాతో సిరాచుక్క ఊదించడం కన్నా ఇది నయం. మూతి కండరాల మీద పట్టు లేని పిల్లలు ఊదలేరు, సిరా పీల్చే ప్రమాదమూ ఉంది.

సాలెగూడు తాకితే తెగుతుంది కాబట్టి చూపు లేని పిల్లలకు దాన్ని ఎలాగూ తయారుచేయాలి. పుల్లలు తీసేసిన పాత సైకిల్ రిమ్ముకు నాలుగు సుతిలి తాళ్లు అడ్డంగా బిగించి మధ్యలో ముడి వేస్తే ఎనిమిది ఆరలు. సాలీడు కూడా ఆరలే ముందు కడుతుంది, చుట్లు తర్వాత. దళసరి ఉన్ని దారం మధ్య నుంచి మొదలుపెట్టి, ప్రతి ఆర దగ్గరా ఒక చుట్టు వేసి పక్క ఆరకు పోవాలి. పెద్దల పని ఆరలు బిగించడం వరకే. ఆరలు వదులైతే గూడు మధ్యకు కుంగుతుంది. ఏ ఆరకు చుట్టు వేయడం మరిచిందో పిల్ల వేలికే తగులుతుంది.

పిల్లను బట్టి

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఒకే పని అందరికీ పెడితే ఎవరికో ఒకరికి తలుపు మూసినట్టే.

చూపు లేని పిల్లకు ఆకు ఇచ్చేటప్పుడు కాడ ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి. ఎడమచెయ్యి కాడ దగ్గర ఆనవాలుగా నిలవాలి, కుడిచెయ్యి కొసదాకా నడవాలి. చెయ్యి పట్టి లాగొద్దు, మన చెయ్యి కింద పెట్టి తన చెయ్యి పైన వేసుకోనివ్వాలి. గీతలు లేపడానికి టైలర్లు గుడ్డ మీద గుర్తులు పెట్టే పళ్ల చక్రం చాలు. కింద టైరు ట్యూబు ముక్క పరిచి దళసరి కాగితం మీద నడిపితే వెనకవైపు చుక్కలు లేస్తాయి. వెనకవైపు కదా, కుడి ఎడమ తారుమారవుతాయి. తంగేడు రెమ్మకు ఫరవాలేదు, సర్పిలానికి మాత్రం తిరిగే దిక్కే మారిపోతుంది. ఫెవికాల్ గీత ఆరాక కుంగిపోతుంది, దాని మీద సుతిలి అంటిస్తేనే వేలికి అందుతుంది.

సెరిబ్రల్ పాల్సీ (కండరాల మీద అదుపు తగ్గించే మెదడు సమస్య) ఉన్న పిల్లకు రంగుకన్నా ముందు కుర్చీ. కాళ్లు వేలాడుతుంటే చేతులు నిలవవు, పాదాల కింద పీట వేయాలి. ప్యాడ్ కింద ఇటుక పెట్టి వాలు చేయాలి. క్రేయాన్‌కు సైకిల్ ట్యూబు చుడితే పట్టు దొరుకుతుంది.

తడి, జిగురు, బంతిపువ్వు ఘాటు భరించలేని పిల్లలుంటారు. ఫెవికాల్ వేలికి ఆరితే కొందరు ఒలుచుకుంటూ ఆనందిస్తారు, కొందరు కేకలు పెడతారు. ఐస్‌క్రీం పుల్ల, తడిగుడ్డ పక్కనే ఉండాలి. ముట్టుకోమని బలవంతం వద్దు, వేలితో చూపించినా తేల్చినట్టే. వినికిడి లేని పిల్లకు పాఠం తగ్గించక్కర్లేదు, మన తొందర తగ్గించాలి. సైగ చూస్తూ పువ్వు చూడటం కుదరదు. సైగ పూర్తయ్యాకే వస్తువు చేతికివ్వాలి. ఫిట్స్ ఉన్న పిల్లల్లో కొందరికి సన్నటి నలుపు తెలుపు చారలు చూస్తేనే ఫిట్స్ రావొచ్చు. జీబ్రా బొమ్మలు గోడ నిండా అంటించే ముందు తల్లిదండ్రులను అడగాలి.

అటువైపు వాదనలు

షీటు వద్దంటే మొదట వచ్చే మాట: ఎప్పుడూ ఓడిపోయే పిల్లలు వీళ్లు, అచ్చు షీటులో ఒక్కసారైనా గెలుస్తారు. ఈ మాట బరువైనదే. గీతల దన్ను లేకుండా తెల్లకాగితం ఇస్తే చాలామంది చెయ్యి కదపరు. దన్ను కావాలి, ఒప్పుకుంటాను. ఆ దన్ను వస్తువుల్లో ఉండొచ్చు కదా. ఆరే గుంటలు, రెండే పువ్వులు, నాలుగు వేళ్ల పట్టీ: ఇవన్నీ కట్టుబాట్లే. తేల్చే పని మాత్రం పిల్లకే మిగులుతుంది.

రెండోది టీచర్ల కష్టం. ఒక్క ఐఈఆర్పీ (ఈ పిల్లల కోసం బడుల్లో పనిచేసే ప్రత్యేక టీచరు), రకరకాల పిల్లలు, వారంలో కొన్ని రోజులు రెండు మూడు బడుల తిరుగుడు. షీటు పంచితే గది నిశ్శబ్దం. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకే సామాను మూడు పనులకు వాడటం కొంత తేలిక చేస్తుంది. అదే తంగేడు బుట్టతో ఒకరు రంగును బట్టి వేరు చేస్తారు, ఒకరు గుంటలు నింపుతారు, ఇంకొకరు ఆగిపోయిన వరుసలో తప్పు వెతుకుతారు. గది నిశ్శబ్దంగా మాత్రం ఉండదు.

మూడోది నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది. ఆటిజం ఉన్న పిల్ల ఎలాగూ రోజంతా వస్తువుల్ని వరుస పెడుతుంది, మళ్లీ వరుసలే నేర్పడమెందుకని తల్లులు అడుగుతారు. వరుస పెట్టడం ఆ పిల్లకు నెమ్మది ఇస్తుంది, దాన్ని మాన్పించడం మన పని కాదు. ఆ వరుసకు ఇంకొకరిని కలపొచ్చు. ఒక గుంట తను, ఒక గుంట తోటి పిల్ల. తన వంతు దాకా ఆగడం వస్తే వరుస ఇద్దరిదీ అవుతుంది. ఆగలేకపోతే వదిలేయాలి, ఆ రోజు వరుస తనదే.

తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న కొందరు పిల్లలకు ‘తర్వాత’ అన్న ఆలోచన ఎన్నాళ్లకూ అందకపోవచ్చు. వాళ్లకు గునుగు చెంప మీద రాసుకోవడం, తడి మట్టి పిసకడం ఇవ్వాలి, పూర్తి హక్కుగా ఇవ్వాలి. దాన్ని అమరిక పాఠమని రాసుకోవద్దు, అంతే.

ముగ్గులూ బతుకమ్మా వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ తివాచీలూ ఉండగా ఆకుల వెంట పడటమెందుకని కూడా అంటారు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, వాటి అంచుల్లో ఎన్ని వరుసలైనా దొరుకుతాయి. నేను వాటిని పరీక్షకు వాడమంటాను. పువ్వులతో తంగేడు, తంగేడు, గునుగు పెట్టగలిగిన పిల్ల, దర్రీ అంచు మీద ఎరుపు, ఎరుపు, నీలం చూసి ఇది అదే అని గుర్తుపడుతుందా? వస్తువు మారినా తీరు నిలిస్తేనే వచ్చినట్టు. మొదటి మెట్టు మాత్రం చేనూ చెట్టే కావాలి. దర్రీలో ఒక పోగు తప్పితే అది లోపం, తంగేడులో ఒక జత తగ్గినా అది తంగేడే.

ఇంటికి పంపేదీ, పుస్తకంలో రాసేదీ

తల్లిదండ్రులకు చూపడానికి ఏదో ఒకటి కావాలి, అది న్యాయమే. బెండకాయ పట్టీ పంపండి. పిల్ల అద్దినవి ఎక్కడ మొదలయ్యాయో అక్కడ వెనకాల పెన్సిలుతో చిన్న గీత పెట్టండి. ముందున్నవి టీచరువి, గీత తర్వాతవి పిల్లవి. మధ్యలో ఒక అచ్చు వంకరగా పడితే దాని మీద మనం ఇంకోటి అద్దొద్దు. చివర రెండు అచ్చుల చోటు ఖాళీగా ఉంచి, సగం బెండకాయతో సహా పంపితే ఇంట్లో అమ్మమ్మ అడుగుతుంది, తర్వాత ఏదని.

ఐఈపీలో, అంటే ఒక్కో పిల్లకు విడిగా రాసే చదువు ప్రణాళికలో, రాసే మాటలు కూడా మారాలి. ‘చిత్రలేఖనంలో పురోగతి బాగుంది’ అన్న వాక్యంతో వచ్చే ఏడాది టీచరు చేయగలిగిందేమీ లేదు. ఇలా రాయొచ్చు: ‘రెండు తంగేడు, ఒక గునుగు వరుసలో చివరి రెండు గుంటలు సాయం లేకుండా నింపింది. మక్క బెండు, రాయి ఇస్తే ఒకటి తప్పింది, మొదటి నుంచి తట్టాక తనే మార్చింది. పదిదాకా ఆగాలి, ఆరుకు ముందు జవాబు రాదు. ఫెవికాల్ ముట్టదు, పుల్ల ఇవ్వాలి.’